రెండు గీతల దాకా

పొద్దున్న ఆరు. సాయంత్రం ఆరు.
మధ్యలో ఏం జరిగినా ఈ రెండూ జరగాలి.
ఐసు ఫ్యాక్టరీలో నైటు డ్యూటీ దిగి
హార్బరు వెనక సందు ఎక్కి వచ్చేసరికి
వంజరం గిన్నె దగ్గరే ఉంటుంది,
నన్ను కాదు, గోడ గడియారాన్ని చూస్తూ.

పేరు వంజరం. తినేది కవళ్ళు.
ఒంటి మీది బూడిదరంగు చారలు చూసి
బోటు దిగిన కుర్రాడెవడో పెట్టిన పేరు.
"చేపలు తినే దానికి సుగరేటన్నా?" అని
మా చెల్లి నూకరత్నం నవ్వింది.
నేనూ నవ్వాను.
బకెట్టులో తల పెట్టి తాగి తాగి,
గచ్చంతా తడిపి,
వెనక కాళ్ళు మడమల మీద ఈడ్చుకుంటూ
పిట్టగోడ కింద అది ఆగిపోయిన రోజు దాకా.

సుహాసిని డాక్టరమ్మ చెవి అంచున చిన్న పోటు పొడిచి
ఆవగింజంత రక్తం తీసింది.
నాలుగు వందల డెబ్భై.
"మీరే వెయ్యాలి, రోజూ, వెయ్యగలరా?"
ముప్పై ఏళ్ళుగా చేపల మధ్య ఉన్నాను, కత్తి కొత్త కాదు.
వెంట్రుకంత సూది చేతికిస్తే మాత్రం
చెయ్యి నాటు పడవలా ఊగింది.

ఆమె చెప్పినవి క్యాలెండరు వెనక రాసుకున్నాను:
ముందు తిండి, తర్వాతే సూది.
తినకపోతే ఆగు, ఫోను చెయ్యి.
ఎర్ర మూత సిరంజి నలభైది, నారింజ మూతది నూరుది,
తారుమారైతే పిల్లి దక్కదు.
సీసా కుదపకు, అరచేతుల్లో దొర్లించు.
చల్లగా ఉంచు, గడ్డ కట్టనివ్వకు.

ఈ ఆఖరిది నన్ను నిద్రపోనివ్వలేదు.
రాత్రంతా టన్నుల కొద్దీ చలి మోసేవాణ్ణి,
వేలెడు సీసాకి చలెక్కువైందేమోనని
డ్యూటీ మధ్యలో ఇల్లు తలుచుకుంటాను.
గడ్డ కడితే చేప నిలుస్తుంది,
మందు చస్తుంది.

తుపానుకి కరెంటు పోయిన నాలుగు రోజులూ
కేజీహెచ్ ఎదుట మందుల షాపులు షట్టర్లు తియ్యలేదు.
తడిగుడ్డ చుట్టిన కూజాలో సీసా.
సెల్ ఫోను పళ్ళ మధ్య పట్టుకుని
రెండు గీతలు లెక్కపెట్టాను,
నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాను.
భుజాల మధ్య తోలు గుడారంలా లేపి...
అది తింటూనే ఉంది. తలైనా ఎత్తలేదు.

నేను భయపడ్డది అప్పుడు కాదు.
వాన లేదు, గాలి లేదు, వట్టి మంగళవారం.
సూది వేశాక తిన్నదంతా మంచం కింద కక్కేసిందని
నాకు తెలీదు.
రాత్రి మూడింటికి తల వాలేసి
నేల మీద ఈత కొడుతోంది.
మీటరు ముప్పై ఎనిమిది అంది.
ఇంట్లో తేనె లేదు.
పక్కింటి ఎల్లాజీ తలుపు బాదాను.
పిల్లికా అని అడగలేదతను.
తేనె సీసాతో పాటు స్టూలు కూడా తెచ్చుకున్నాడు.

వేలితో చిగుళ్ళకి రాశాను. ఆగాను. రాశాను.
యాభై రెండు. ఎనభై.
నూట పదికి కళ్ళు తెరిచి
నా వేలు కసుక్కున కొరికింది.

"రగతం ఎలాగూ వచ్చీసింది కదా" అని
ఎల్లాజీ ఇంకో స్ట్రిప్పు తీశాడు.
ఆ మీటరు అసలు నాదే.
రెండేళ్ళ కిందట చెల్లి కొనిచ్చింది,
పిల్లికి జబ్బు చేసేదాకా అట్ట విప్పలేదు.
మూడు వందల పన్నెండు.
తేనె వేలు కదా అన్నాను.
సబ్బుతో రుద్ది కడిగించి మళ్ళీ చూశాడు.
రెండు వందల తొంభై.
మేమిద్దరం అంకె కేసి చూస్తుంటే
వంజరం గిన్నె కేసి చూస్తోంది.

ఆసుపత్రి ఓపీ చీటీ
క్యాలెండరు మేకుకే గుచ్చి ఉంది, పదిరోజులుగా.
ఎల్లాజీ రోజూ గుమ్మంలోంచే చూసి పోతాడు.
సోమవారం వెళ్తాను.
ఆరింటికి అది తిన్నాక, సూది వేసి,
కక్కలేదని ఒక గంట చూసి,
అప్పుడు.