దొంగ పాచి

తేలికనుకున్నా పాచి చేయడం.
గుడ్డు తెల్లసొన, మొక్కజొన్న పిండి, ఇంత రంగు.
కట్టుడు పండ్ల మీద పూసి
రాత్రంతా ఇంక్యుబేటర్లో ఎండబెడితే
పొద్దున పంపు నీళ్లకే జారిపోయింది.
ఇది ఏడోసారి.

కడప డెంటల్ కాలేజీ ల్యాబులో
నాపబండ మీద నా గిన్నెలు తోమే హుసేనమ్మ
తొంగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.
"ఇదేం పాచి నాయనా, ఇంత సాదుగా ఉంది?
దీని మీద నేర్చుకున్న పిల్లోళ్లు
రేపు మా పండ్లేం కడుగుతారు?"

వేళ్లు మడిచి చెప్పింది:
సంగటి ముద్ద.
చెనిక్కాయల ఊరిమిండి, నూనె తేలాల.
వక్కాకు. సున్నం రవ్వంత ఎక్కువే.
"ఆమీట మూన్నాళ్లు
దాన్నెవురూ పట్టించుకోగూడదు."

చివరిదాన్ని ఏ గ్రాముల్లో రాయాలో
నోటుబుక్కులో గడి దొరకలేదు.

ఎనిమిదోది పట్టుకుంది, మొండిగా.
ట్రైనింగుకొచ్చిన నర్సు పిల్లలు
చిగురంచుల్లో, క్లిప్పుల సందుల్లో
బ్రష్షులు వంగేలా రుద్దుతున్నారు.
ఎర్రరంగు నీళ్లు సింకులో సుడి తిరుగుతున్నాయి.

హుసేనమ్మ స్టూలు మీద కూర్చొని
కాసేపు చూసింది.
అందరూ టీకి పోయాక
గోడవైపు తిరిగి, తన సెట్టు తీసి
నా గ్లవ్సు చేతిలో పెట్టింది, ఇంకా వెచ్చగా.

బోసినోటితో ఏదో అంది.
అర్థం కాలేదు.
కుళాయి తిప్పాను.