పేరు బరువు

మింటు వీధి వెనక సందులో
మా నాన్న చెంగల్రాయాచారి కొలిమి.
గుడి గంటలు, బడి గంటలు,
సోడాబండి వాడి చిట్టిగంట.
ఒకరోజు హార్బరు నుంచి లారీలో
ఓడ గంట వచ్చింది.

వెంట వచ్చిన గుమాస్తా ఇన్నాసిముత్తు.
అతనికి తెలుగు సగం, నాన్నకి అరవం ముప్పాతిక,
మిగిలింది చేతులతో చెప్పుకున్నారు.
దొరల యుద్ధంలో తిరిగిన డిస్ట్రాయరట.
ఇప్పుడు మనదట.
పాత పేరు అరగదీసి కొత్తది చెక్కాలట.

"డిస్ట్రాయరంటే?"
"ముంచేది."
పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అంది:
"ముంచేదానికి మళ్ళీ ముద్దుపేరొకటా!"

మా సందుకి తెలిసిన యుద్ధనౌక ఒక్కటే, ఎండెన్.
పద్నాలుగులో నూనె ట్యాంకులు తగలబడ్డ రాత్రి
రోలు కూడా బండికెత్తించి
తిరువళ్ళూరు పారిపోయింది మా నాయనమ్మ.
తిరిగొచ్చేసరికి ఆ పేరు మా వీధిలో కాపురం పెట్టేసింది.
అప్పు ఎగ్గొట్టినవాడు ఎండెన్,
జామకాయలు దులిపే పిల్లాడు ఎండెన్.
ఓడ ఎక్కడో మునిగింది,
పేరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చింది.

ఇన్నాసిముత్తు చెప్పాడు:
దొరల లెక్కలో ఒక కాన్పు ఓడలన్నిటికీ
మొదటక్షరం ఒకటే.
"అయితే నక్షత్రం చూసే పెడతారన్నమాట," అన్నాడు నాన్న,
"దీనిది రా. చిత్త, మూడో పాదం."
కొత్త పేరూ రా తోనే.
మొదటి అక్షరం ముట్టుకోవద్దని
కాగితం మీద ఎర్రసిరాతో చుట్టి ఉంది.

ఆకురాయి పెట్టకముందు గంటని తూచారు.
అరగదీశాక తూచారు.
రాలిన పొడిని పేపరు మీదికెత్తి అదీ తూచారు,
సర్కారు సొత్తు, చిటికెడు పోకూడదు.
పాత పేరు తొమ్మిది తులాలు తూగింది.
గోళ్ళ సందుల్లో ఇరుక్కున్నది లెక్కలోకి రాలేదు.
ఆ రాత్రి అన్నం కలుపుతుంటే
నాన్న వేళ్ళు మెరిశాయని అమ్మ చెప్పేది.

మోగిస్తే గొంతు కాస్త దిగింది,
జలుబు చేసిన మనిషిలా.

వెల్లకిలా తిప్పితే
లోపల ఇంకా పేర్లు.
నాన్నకి ఇంగ్లీషు అక్షరాలు ఉత్త బొమ్మలు.
ఇన్నాసిముత్తు చదివాడు: డోరిస్. ఎడ్విన్. హెలెన్.
నావికుల పిల్లలట.
ఓడ మీద బారసాల జరిగితే
ఈ గంటనే తిరగేసి, నీళ్ళు పోసి
బిడ్డ నుదుట చల్లుతారట.
నాలుగో పేరు లేదు, గీతలే ఉన్నాయి,
అక్షరం ఎత్తుకి పైనొకటి కిందొకటి.
ఎవరి కోసం గీశారో,
ఎందుకు ఆగారో.

"ఇవీ తీసెయ్యాలా?"
ఇన్నాసిముత్తు ఆర్డరు కాగితం రెండుసార్లు చదివాడు.
"బయటి పేరు అనే ఉంది," అని
చుట్ట వెలిగించుకోడానికి సందు చివరికి వెళ్ళాడు.
చాలాసేపు రాలేదు.

నేను ఆ వారమే పుట్టాను. ఆరుద్ర.
పురోహితుడు కూ అన్నాడు.
నాన్న వినలేదు, రా అన్నాడు.
పళ్ళెంలో బియ్యం మీద రాజరత్నం అని రాశాడట,
ఉలి పట్టే చెయ్యి కదా,
పళ్ళెం కూడా గీరుకుపోయింది.
పెద్దయ్యాక గంట సంగతి అడిగితే
కొలిమి తిత్తి ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు.

డెబ్బైల్లో ఓడ తుక్కైంది.
పేపర్లో రెండు వాక్యాలు, కొత్త పేరుతోనే.
గంట ఏమైందో రాయలేదు.

కాశిమేడు చేపల వేలంలో,
రాయపురం చర్చి స్కూల్లో,
పాతసామాన్ల కొట్లో తాళంకప్పల మధ్య,
ఎక్కడ గంట కనిపించినా
అడక్కుండా లోపలికి చెయ్యి పోనిస్తాను.
వాచ్‌మన్లు అరుస్తారు.
డెబ్బై దాటినదాన్ని, ఏం చేస్తారు?

నిన్నటిదీ నున్నగానే ఉంది.
వేలికి పచ్చటి చిలుం అంటింది,
ఇంకా కడుక్కోలేదు.