నూట మూడు శాతం

టెండరు పెట్టె శుక్రవారం రెండింటికి మూస్తారు.
పెట్టె అంటే పెట్టె కాదు, తెర మీద ఒక మీట.
రెండు దాటి ఒక్క నిమిషమైనా అది పలకదు.

మెల్టన్ దగ్గర రైలు గేటు తీసేసి
పట్టాల్ని గాల్లోకి ఎత్తే పని.
ఉక్కు ఎన్ని టన్నులో ఇంజనీర్లు రాశారు,
వాన రోజులెన్నో పాత రికార్డులు చెప్పాయి.
ఏడో షెడ్యూలు నాకు మిగిలింది:
'సామాజిక ప్రయోజనం. గంటల్లో తెలపండి.'

మంచితనాన్ని గంటల్లో తెలపడం
పద్నాలుగేళ్ళుగా నా కూడు పెట్టిన విద్య.
చాలాకాలం పని దొరకనివాళ్ళకి ఇన్ని,
జైలు నుంచి వచ్చినవాళ్ళకి ఇన్ని,
శరణార్థులకి ఇన్ని.
ఫెర్గస్ నా భుజం మీదుగా వంగి
"అవతలివాళ్ళు ఎంత వేస్తారంటావ్?" అన్నాడు,
చేపల వేలంలో చెవి కొరికినట్టు.
ఆరువేలని ఆరువేల నాలుగొందలు చేశాను.
ఆ నాలుగొందల గంటలు
ఎవరి మోకాళ్ళవో అప్పుడు నాకు తెలీదు.
పదికి తొమ్మిది మార్కులొచ్చాయి.
పని మాకే వచ్చింది.

మరుసటి చలికాలం, నివేదికకి ఫోటోలు కావాలంటే
బురద బూట్లు అరువు తెచ్చుకుని వెళ్ళాను.
ఒకవైపు 'ఆగు', ఒకవైపు 'మెల్లగా' అని ఉన్న
గుండ్రటి పలక పట్టుకుని
నా గంటలు నిలబడి ఉన్నాయి
ఆరడుగుల ఎత్తున, నారింజ చొక్కాలో.

పేరు న్యాన్‌దెంగ్.
"దెంగ్ అంటే వాన. నేను వాన కూతుర్ని.
అందుకే నేను డ్యూటీ ఎక్కితే
మీ కాంక్రీటు ఆగిపోతుంది," అంది.
మొదట నవ్విందీ తనే.
ఆమె పలక తిప్పితే పాల ట్యాంకరు ఆగింది,
స్కూలు బస్సు ఆగింది,
ఫెర్గస్ కారు ఆగింది.
అక్కడ మాత్రం 'ఆగు'ని
కాస్త ఎక్కువసేపే ఉంచిందనుకుంటా.

పదకొండేళ్ళు ఏ ఇంటర్వ్యూలోనైనా ఒకటే అడిగేవారట:
'అనుభవం ఉందా?'
కకుమా శిబిరంలో, ఎండలో, నీళ్ళ కుళాయి ముందు
మూడొందల బిందెల్ని
తలలు పగలకుండా వరుసలో నిలబెట్టిన సంగతి
ఏ గడిలో రాయాలో తెలియక
'లేదు' అని రాసేదట.

ఆగస్టులో నా తెర మీద ఒక గడి పచ్చబడింది.
నూట మూడు శాతం.
ఫెర్గస్ కేకు తెప్పించాడు.
నేను రెండు ముక్కలు తిన్నాను.

వంతెన తెరవడానికింకా మూడు వారాలుంది.
ఈసారి వెళితే పలక వేరే చేతిలో ఉంది.
"ఆవిడ గంటలు అయిపోయాయిగా," అన్నాడు మేస్త్రీ,
గ్యాసు బండ అయిపోయిందన్నంత మామూలుగా.
"పైగా ఏడాది పని చేసింది.
ఇంక పని లేనివాళ్ళ లెక్కలోకి రాదు."

పనిలో ఉంది కాబట్టి పనికి రాదు.
ఆ నిబంధన నాకు కొత్త కాదు.
దాన్ని నేనే అనుబంధంలో అతికించాను,
చిన్న అక్షరాల్లో, పేజీ కలిసొస్తుందని.

ఇవాళ మళ్ళీ శుక్రవారం. ఇంకో నది, ఇంకో వంతెన.
ఏడో షెడ్యూలు, రెండొందల యాభై పదాలు మించరాదు.
ఒకటీ ఇరవైకి ఆమెకి ఫోన్ చేశాను.
క్షమాపణ లాంటిదేదో నమలబోతే
ఆవల గిన్నెల చప్పుడు ఆగింది.
"గంటలు రాయకు," అంది.
"పని మొదలైనప్పట్నించి పని అయ్యేదాకా, అని రాయి.
వాన రోజులకి కూడా కూలి, అని రాయి.
వానకి జీతం ఇవ్వనిది మీ ఒక్కళ్ళే."

ఫెర్గస్ చదివి కళ్ళజోడు తీశాడు.
"ఈ రెండు లైన్లకి మార్కుల్లేవు. ఖర్చుంది."
తెలుసన్నాను.
వేరే రెండు లైన్లు కొట్టేశాను,
మన విలువలు, మన నిబద్ధత అని ఉంటాయే, అవి.

ఒకటీ యాభై ఎనిమిది.
ఫెర్గస్ ఇంకా అవుననలేదు.
కాదని కూడా అనలేదు.
మీట మీద నా వేలు ఉంది.