ముప్పావు గ్లాసు

మా కాలేజీల హోటల్ లేదు.
పాత జువాలజీ ల్యాబుల
నాలుగు బల్లలు కలిపి, తెల్ల గుడ్డ కప్పి
ఇదే రెస్టారెంటు అనుకోండి అన్నడు ఖలీల్ సార్.
అనుకున్నం.
గోడకు అస్థిపంజరం బొమ్మ ఇంకా ఉన్నది.
మంగ్తి దానికి రోజూ నమస్తే పెడ్తది,
మన మొదటి గిరాకీ ఈయనే అని.

సార్ ఇరవై ఏండ్లు ఓడల మీద వడ్డించి వచ్చిండు.
సముద్రం ఊగినా సూపు ఒలకని చెయ్యి.
నీళ్లు కుడిపక్క నుంచి పోయాలె,
గ్లాసు అంచుకు జగ్గు తగలొద్దు,
ముప్పావు వరకే. నిండ పోస్తే మోటు.
రాసుకున్న.
మోటు కింద గీత గూడ గీసిన.

టూరిజం పేపర్ల రెండు మార్కుల ప్రశ్న:
మీ జిల్లాకు పర్యాటకులు ఎందుకు రావాలె?
నేను సాగర్ రాసిన, పానగల్లు నీడ రాసిన, దేవరకొండ కోట రాసిన.
కోట కిందనే మంగ్తి వాళ్ల తండా.
కార్లు ఆపి దారి అడుగుతరట, అద్దం దించకుంటనే.
అది ఒక్క ముక్క రాసింది:
మేం రమ్మన్నం కాబట్టి.
సార్ రెండు మార్కులూ వేసిండు.

మా ఊర్ల చుట్టమొస్తే ముందు చెంబు, తర్వాతనే మాట.
చెంబు అందిచ్చేటప్పుడు అమ్మ కండ్లు కిందికి దిగేటియి:
ఫిల్టర్ నీళ్లు అయిపోయినయి, బోరువే,
ఏమనుకోకుండ్రి.
బోరు నీళ్లకు పండ్లు గారబట్టిన ఊర్ల
మర్యాద అట్లనే మొదలైతది.
ఇది సిలబస్‌ల లేదు.

నిజానికి అమ్మ చేసేది గూడ ఈ కోర్సే,
చిట్యాల దాటినంక రోడ్డు మీద, పన్నెండేండ్ల సంది.
బస్సు పది నిమిషాలు ఆగుతది.
పది నిమిషాల్ల నలభై ప్లేట్లు,
సాంబార్ల ఈగ, ఏడ్చే పిల్ల, చిల్లర లేని పెద్దమనిషి.
బస్సు కదిలినంక
బల్లల మీద మిగిలిందంతా ఆమెదే,
తుడిచేతందుకు.
మా పుస్తకంల ఆ పనికి పేరున్నదమ్మా అన్న,
కిచెన్ స్టీవార్డింగ్.
రెండు సార్లు పలికి చూసింది.
మూడోసారి నవ్వి వదిలేసింది.

ప్రాక్టికల్ ముందట రాత్రి
అమ్మా, నువ్వు గెస్టువు, కూసో అన్న.
కూసున్నది. లేచింది, పొయ్యి మీద పాలు.
కూసున్నది. లేచింది, కోడిని కప్పెట్టలేదని.
గెస్టు లేవొద్దమ్మా.
గెస్టుకు పనులుండయా బిడ్డా?

నాప్కిన్ హంస లెక్క మడిచి ముందర పెట్టిన.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
మంచిగనే ఉన్నది గానీ
దీంతోని మూతెట్ల తుడుస్తరే, మెడ విరగదా?

మెనూ చదివిన,
టమాటా సూపు నుంచి కస్టర్డు దాంక.
మొత్తం ఓపికగ విన్నది.
పొద్దుగాల నూరిన తొక్కు మిగిలిందా?
మిగిలింది మేడం.
మేడం అన్నందుకు ఏమనలే.
కొంగు మాత్రం సరిచేసుకున్నది.

వంగి నీళ్లు పోసిన, కుడిపక్క నుంచే,
అంచు తగలకుంట.
ముప్పావుకాడ ఆపిన.
అమ్మ గ్లాసు దిక్కు చూసింది.
నా దిక్కు చూసింది.
మెల్లగ అడిగింది, ఎవలో వింటరన్నట్టు:
నీళ్లు అయిపోయినయా?

తెల్లారి పరీక్షల ముప్పావే పోసిన.
పదికి తొమ్మిది వచ్చినయి.
కానీ ఆ రాత్రి, మా ఇంట్ల, జగ్గు మళ్ల వంచిన.
అంచుదాంక, అంచు దాటి
నీళ్లు పైన కొద్దిగ ఉబ్బి నిలబడేదాంక.
ఒక్క చుక్క కింద పడలే.
సార్ చూస్తే మోటు అనేటోడు,
అనుకుంట చెయ్యి మెచ్చుకునేటోడు.

అమ్మ గ్లాసు ఎత్తలే. ఒలుకుతదని
తల వంచి అంచుకు మూతి పెట్టి
మొదటి గుక్క తాగింది.
తర్వాత రెండు చేతుల పట్టుకొని
మిగిలినవి గూడ,
లేవకుంట.