రుద్దుకునే చోట

మూడు నెలలుగా కదలని కారు.
లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల
కవరు కప్పుకుని,
కవరు కింద నుంచి ఉప్పుగాలి తాగుతూ.
నాకు కేజీహెచ్ బ్లడ్ బ్యాంకులో రాత్రి డ్యూటీలు,
తర్వాత మడమ బెణుకు, ఆ తర్వాత ఉత్త బద్ధకం.
కారణాలు చెప్పుకుంటే చాలానే ఉన్నాయి.

చక్రం ఊడదీశాక తెలిసింది.
రోటరు మీద మాడిన అట్టులా తుప్పు.
క్యాలిపర్‌ది ఎండుచేప రంగు.

నేను అనుకున్నది ఒకటే, ఎరుపు.
సిగ్నల్ దగ్గర పక్క బండివాడు
ఊచల సందుల్లోంచి తొంగి చూసేంత ఎరుపు.
డాబాగార్డెన్స్‌లో కొన్నాను,
వేడికి ఊడని రంగట, డబ్బా ఆరువందల ఎనభై.

కింది వాటా గుర్రయ్య గారు
షిప్‌యార్డులో ముప్పయ్యొక్క ఏళ్లు
ఓడల పొట్టలకి రంగేసిన మనిషి.
డబ్బాని చూశాడు, నన్ను చూశాడు.
"ముందు గీకాల తల్లీ. రంగు ఆకర్న."

గీకాం.
ఆదివారం పొద్దున్న ఏడింటి నుంచి,
వైరు బ్రష్షుతో, నూట ఇరవై నంబరు గరుకు కాగితంతో,
మూలల్లో పళ్లు తోమి పారేసిన బ్రష్షుతో.
ముక్కులో ఇనుము వాసన,
గోళ్ల కింద ఇటుకపొడి.
"ఓడకి రంగు అందానికనుకుంతారు బయటోలు.
అందమేటి!
ఇనుముందని సముద్రానికి తెలీకుండా దాసడం, అంతే."

ప్యాడ్లు తీసి మెట్టు మీద పెట్టాను.
ఒకటి బిస్కెట్టంత మందం,
దాని జత అరిగి అప్పడం.
ఆయన నవ్వలేదు. వేలితో పిన్ను నెట్టి చూశాడు.
కదల్లేదు.
"ఇది పట్టీసింది. బరువంతా ఒక్కదాని మీదే పడింది, పాపం."
కిరసనాయిలు, గుడ్డ, మళ్లీ కిరసనాయిలు.
పదకొండింటికి పిన్ను జారింది,
గ్రీజు రాస్తే వేలి కింద మెత్తగా వెళ్లి, వచ్చింది.

ఈలోగా లోపలి నుంచి పోలమ్మ గారు కాఫీ తెచ్చారు.
చక్కెర ఎక్కువైందని ఆయన,
నలభై ఏళ్లుగా అదే చెంచా అని ఆవిడ.
పది నిమిషాలు పట్టింది.
చివరికి గ్లాసు ఖాళీ.

టేపు అంటించి, పాత పేపరు చుట్టి,
రబ్బరు తొడుగు మూశాను, బ్లీడరు మూశాను.
మొదటి పూత పల్చగా,
రెండోది ఇంకొంచెం ధైర్యంగా.
ముందు రెండే, వెనకవి డ్రమ్ములు,
వాటికి సింగారం లేదు.
చేతిలో రంగు మిగిలింది,
కుంచె రోటరు వైపు తిరిగింది.

మణికట్టు పట్టుకున్నాడు గుర్రయ్య గారు.
"నడిమికెయ్యి, అంచుకెయ్యి.
అక్కడొద్దు.
రుద్దుకునే సోట రంగు నిలవదు.
నిలిస్తే బండి నిలవదు."

మరి తుప్పో?

"తొక్కు. నాలుగు తొక్కులకి పోద్ది.
రేత్రికి మల్లీ వస్తాది.
మల్లీ తొక్కు."

సాయంత్రం కైలాసగిరి ఎక్కాం.
దిగుతుంటే మొదటి మలుపులో
కారు పళ్లు కొరికింది.
రెండో మలుపులో గరగర.
మూడో మలుపులో గొణుగుడు.
తర్వాత ఏమీ లేదు, గాలి, దూరంగా
రేవులోకి పిలుపు కోసం లంగరేసిన ఓడలు.
ఆయన కిటికీలోంచి లెక్కపెట్టాడు, ఆరు.
"ఆ మూడోదానికి నీటిగీత కాడ రంగు పోయింది."
నాకు ఓడే సరిగ్గా కనపడలేదు.

ఇంటి ముందు దిగి వంగి చూశాను.
ఎరుపు పక్కన
గీతలు గీతలుగా తెల్లటి ఇనుము,
నా మొహం అందులో ముక్కలు ముక్కలుగా.

రాత్రి చినుకులు పడ్డాయి.
పొద్దున్న ఊచల మధ్య వేలు పెట్టి తీస్తే
వేలికి సన్నటి టీ మరక.
ఎరుపు మాత్రం నిన్నటిలాగే ఉంది.
కింది వాటాలో చక్కెర గురించి మొదలైంది.

వేలు చీర కొంగుకి తుడిచి
తాళం తిప్పాను.