వగరు

మెల్‌బోర్న్‌లో దిగంగానే
నా కరక్కాయల సంచి పట్టేసుకున్నారు.
చేతులకి తొడుగులేసుకున్న పిల్ల
ఒక కాయని వెలుతురుకి పెట్టి చూసి
తింటారా దీన్ని, అంది.
కాదమ్మా, గుడ్డకి తినిపిస్తాం, అన్నాను.
నవ్వింది.
నవ్వుతూనే పసుప్పచ్చ డబ్బాలో పడేసింది.

ఆర్నెల్ల కాయితాలు, మూడు సంతకాలు.
నేను మెర్రిన్ వాళ్ల ఊరికి, మెర్రిన్ మా ఊరికి.
ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
ఆమె మంచం మీద నేను పడుకుంటాను.
కాళాస్త్రిలో నా కిటికీ చెక్క ఊడితే
ఆమె మేకు కొడుతుంది.
వంటింట్లో నాకో చీటీ పెట్టి పోయింది:
"వేణ్ణీళ్ల కుళాయి ఎడమది.
ఏడుస్తుంది, పట్టించుకోకు."

క్వీన్స్‌టౌన్. టాస్మేనియా పడమటి కొస.
ఒకప్పుడు రాగి కరిగించిన పొగకి చెట్లన్నీ పోయి
మొక్కు తీర్చుకున్నట్టు బోడిగుండు కొండలు.
ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి లేదు, కంకర.
పిల్లల మోకాళ్లు చూస్తే తెలుస్తుంది
ఇక్కడ ఆటంటే ఏమిటో.
వాన. మళ్లీ వాన.
ఎండ లేని ఊళ్లో అద్దకం మనిషి
కల్లం లేని కాపు.

ఊరి మధ్య నది.
నారింజ రంగు, నిజంగానే నారింజ,
వందేళ్ల గనుల కడుపుమంట.
మా ఏటిని స్వర్ణముఖి అంటాం,
బంగారం మాట దేవుడెరుగు, చుక్క నీళ్లుండవు.
ఇక్కడేమో మొహమంతా బంగారమే,
గుడ్డ జాడించడానికి పనికిరాదు.

నాలుగోరోజు మెర్రిన్ మెసేజ్:
"మీ నది ఎక్కడ? ఇసుకలో పిల్లలు వికెట్లు పాతారు.
నన్ను అంపైర్‌గా నిలబెట్టారు."
అదే నది, అని రాశాను,
నువ్వు నిలబడ్డది దాని నడిమధ్యలోనే.

పాత పోస్టాఫీసే స్టూడియో.
తాళాలు డెస్ దగ్గరుంటాయి,
గనిలో ముప్పయ్యేళ్లు దిగి ఎక్కిన మనిషి.
ఓ పొద్దున నన్ను కొండ అవతలి వాగుకి తీసుకెళ్లాడు.
ఆకులూ వేళ్లూ నాని నాని
పాలు పోయని టీ లాంటి నీళ్లు.
దోసిట పట్టి పుక్కిలించాను.
వగరు! అని అరిచాను.
ఏమన్నావు, అన్నాడు.
చేదు కాదు, పులుపు కాదు,
నాలుక తనలోకి తను ముడుచుకోడం.
ఆయనా ఓ గుక్క తాగి, బుగ్గలు పీల్చుకుని
చాలాసేపు వెతికాడు.
"దీనికి మా దగ్గర మాట లేదు. మొహం ఉంది."

మా తాత అనేవాడు:
వగరునీ తుప్పునీ ఒకచోట కూచోబెట్టు,
నలుపు దానంతట అదే పుడుతుంది.
బెల్లమూ ఇనప ముక్కలూ కుండలో మురగబెట్టి
మూడు వారాలు వాసన భరించేవాళ్లం.
ఇక్కడ తుప్పు ఏరై పారుతోంది.

గుడ్డని వాగులో రెండు రాత్రులు నానేశాను.
పాలు డెస్ తెచ్చాడు, బర్రెపాలు కావు, పలచన.
హీటర్ గదిలో ఆరబెట్టి
నారింజ నదిని సీసాలో పట్టుకొచ్చి
కలం ముంచాను.
మొదటి గీత: ఏమీ లేదు, తడి.
రెండోది: తోమని రాగిచెంబు వాసన.
డెస్ లేచి టీ కలుపుకొచ్చేసరికి బూడిదరంగు.
తెల్లారేసరికి...
నలుపు అనను, తాత ఒప్పుకోడు.
పాత గొడుగు రంగు.
ఈ ఊరి ఆకాశం రోజూ కట్టుకు తిరిగేది.

దేవుళ్లని రాయలేదు.
తొడుగుల చేతుల పిల్లని రాశాను,
చెవుల దాకా కళ్లు, వేళ్ల మధ్య కరక్కాయ.
పక్కన డెస్‌ని నిలబెట్టాను, అడక్కుండా.
"నా ముక్కు ఇంత లేదు" అన్నాడు,
ఇంటికెళ్లి భార్యని పిలుచుకొచ్చాడు.
ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి
"ఉంది" అంది.

కడగడానికి ఏరు వెతకలేదు.
పెరట్లో తీగ మీదేసి
మూడు రోజులు వానకి వదిలేశాను.

వెళ్లేరోజు సీసాలో ఇంకా సగం ఉంది.
విమానం ఎక్కనివ్వరు, ఇప్పుడు నాకు తెలుసు.
మెర్రిన్ కిటికీలో పెట్టి
కింద చీటీ:
"తాగొద్దు. రాయి."