తొమ్మిదో గడి

నా పని వినడం.
మాట్లాడించే పని వేరేవాళ్ళది.
కిట్గుమ్ ఆసుపత్రి వెనక, మందుల అట్టపెట్టెల గదిలో
హెడ్‌ఫోన్లు తగిలించుకుని
ఒక్కో రికార్డింగుకీ ఇరవై రెండు గడులు నింపుతాను.
చేశారు. చేయలేదు. కొంత చేశారు.
పుస్తకంలో ఉన్న వైద్యం
ఊళ్ళోకి వచ్చేసరికి అదే వైద్యంగా మిగిలిందా అని
కంపాలాలో ఒకరు, సముద్రం అవతల ఇంకొకరు
నా టిక్కుల్ని కూడి చూస్తారు.

ఇవాళ ఒడోకి గొంతు.
మొన్నటిదాకా సైకిళ్ళు బాగుచేసేవాడు.
ఆరు వారాల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు,
గోళ్ళ సందుల్లో ఇంకా వదలని గ్రీజు.
ఎదురుగా అచిరో. నువ్వులు అమ్ముతుంది.
నా ఈడుదే.

తొమ్మిదో గడి: తాడు పరిచారా?

తెలియనివాళ్ళకి చెబుతాను.
నేలమీద ఒక తాడు పరుస్తారు.
ఈ కొస పుట్టుక.
మంచి జరిగినచోట పువ్వు, చెడు జరిగినచోట రాయి.
చుట్టగా వదిలేసిన ఆ కొస
ఇంకా రాని రోజులకి.
అంతే. చాలా దేశాల్లో పనిచేసింది, లెక్కలున్నాయి.
నేను ఆ లెక్కల్ని నమ్ముతాను.

నాలుగో నిమిషంలో
తాడు నేలకి తగిలిన చప్పుడు.
వెంటనే కుర్చీ పడ్డ చప్పుడు.
ఆ తర్వాత ఏమీ లేదు.
తలుపు బయట ఒక కోడి.

తాడుని చూసి పామనుకున్నవాణ్ణి తలుచుకుని నవ్వుతారు,
దీపం తెస్తే భయం పోయిందంటారు.
ఆమెకి తాడు తాడులాగే కనిపించింది.
పదమూడో ఏట నడుముకి కట్టింది అదే.
ముందొక పిల్ల, వెనకొక పిల్ల,
వరసంతా ఒకే ముడి.
ఏరు దాటేటప్పుడు ముందుపిల్ల
(ఆ వాక్యం పూర్తి కావడానికి ఏడు వారాలు పట్టింది)
దీపం తెచ్చి ఏం చూపిస్తావు?

ఒడోకి బయటికి వెళ్ళాడు.
ఇనుపసామాను కదిలిన చప్పుడు, కత్తెర చప్పుడు.
తిరిగొచ్చి ఏదో పరిచాడు. మెత్తటి చప్పుడు.
"ఇదేమిటో చెప్పు."
"ట్యూబు."
"ఎవరిది గుర్తొస్తోంది?"
చాలాసేపటికి, "మా అన్న సైకిలు.
నన్ను ముందు బద్దీ మీద కూచోబెట్టేవాడు."
"అయితే అక్కడొక పువ్వు పెట్టు."

ఏడో వారం రేకుల మీద వాన.
పదకొండు నిమిషాలు నాకేమీ వినిపించలేదు.
వాన సన్నబడ్డాక ఒడోకి అడుగుతున్నాడు:
"అప్పుడు కాళ్ళ కింద ఏముంది?"
"ఇసక. కదిలే ఇసక."
"ఇప్పుడు?"
"సిమెంటు."
"తొక్కి చూడు."
చెప్పు తీసిన చప్పుడు. ఉత్త పాదం, ఒకసారి.
మళ్ళీ ఒకసారి.

ఆ ఏడాది నేను ఎంటెబ్బేలో పిన్ని ఇంట్లో ఉన్నాను.
మా వీధి పిల్లలు తొమ్మిదిమంది.
అందుకేనేమో నాది వినే పని.
దీనికి గడి లేదు.

ఆరు నెలలకి మళ్ళీ కొలిచారు.
యాభై ఒకటి ఉండేది, ఇరవై ఆరు అయింది.
సున్నా కాలేదు.
రాత్రి పడుకుంటోంది. బస్సెక్కుతోంది.
నువ్వుల మూటకి మాత్రం
ఇప్పటికీ గుడ్డపేలికే కడుతుంది.

చేయలేదు అని రాస్తే అబద్ధం కాదు.
చేశారు అన్నా కాదు.
పెన్సిలు రెండుసార్లు చెక్కి
గడి పక్కన ఒక్క మాట రాసి పంపాను.
వారానికి ఉత్తరం వచ్చింది, మర్యాదగా:
"తొమ్మిదో గడి దగ్గర 'ట్యూబు' అని ఉంది.
అచ్చుతప్పా?"

జవాబు ఇంకా రాయలేదు.
వచ్చే నెల శిక్షణకి సామాను జాబితా రాయాల్సింది నేనే.
రాళ్ళు, ఒక సంచి.
పువ్వులు, ఏ ఊరివి ఆ ఊళ్ళోనే.
తాడు, ఇరవై మీటర్లు. కొట్టేయలేదు, చాలామందికి అది తాడే.
దాని కింద ఇంకో వరస:
పాత ట్యూబులు, ఎన్ని దొరికితే అన్ని.
ఒడోకిని అడగాలి.